పదో గుండు

నా చిన్నప్పుడు మా ఇంటి సైకిలు పోగొట్టుకున్న వస్తువుల లెక్క నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. గాలి గొట్టం టోపీలు రెండు, బెల్లు మూత ఒకటి, చక్రాల పుల్లలు ఏడు, మడ్‌గార్డు నట్లు నాలుగు, సీటు కింది స్ప్రింగు ఒకటి, ముందు చక్రం లోపలి ఉక్కు గుండు ఒకటి. మొత్తం పదహారు. వీటిలో పదిహేనింటి లెక్క ఏదో ఒక రకంగా తీరిపోయింది. పదహారోది తీరలేదు.

మాది లింగంపేట నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉండే చిన్న ఊరు. ఊళ్లో బడి ఏడో తరగతి వరకే. ఎనిమిదికి ఎల్లారెడ్డి పోవాలి. ఉన్న బస్సులు బడి గంటలకు కుదిరేవి కావు. మగపిల్లలు సైకిళ్ల మీద పోయేవారు. ఆడపిల్లలు ఏడుతో ఆగి, చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుట్టేవారు. మా ఇంట్లో అప్పటికే అవ్వ, అక్క చుట్టేవారు. మా వైపు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. కట్టకు ఇరవై ఐదు బీడీలు. కట్టలు కట్టే పని నాది. ఒకటి ఎక్కువైనా తక్కువైనా పిడికిట్లోకి తీసుకోగానే నాకు తెలిసిపోయేది. అవ్వ దానికి మురిసేది. మురుస్తూనే నాకూ ఒక చాట తెచ్చి గోడకు ఆనించింది.

ఏడు పాసైన ఎండాకాలం, ఎల్లారెడ్డి బడికి పోతానని బాపును అడిగాను. ఆయనకు నా చదువు మీద కోపం లేదు. దారి మీద భయం. "నడిమిట్ల సైకిల్ ఖరాబైతే ఏంజేస్తవే? ఎవన్ని పిలుస్తవ్?" అన్నాడు. నాకు తొక్కడం వచ్చు గానీ, నా కాళ్ల కింద తిరిగేది ఏమిటో తెలియదు. 

నా బదులు మా పెద్దబాపు జవాబు చెప్పాడు. బాపుకు సొంత అన్న. ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర రేకుల షెడ్డులో సైకిళ్లు బాగుచేసేవాడు. "నెల దినాలు పిల్లను నాకిడ్సిపెట్టు తమ్మీ. నెలైనంక నీ ముందట్నే ముంగటి చక్రం ఇప్పి బిగిస్తది. బిగిస్తే బడికి తోలు. బిగియ్యకుంటే గా చాట ఉండనే ఉన్నది" అన్నాడు. బాపు సరేనన్నాడు. అప్పటినుంచి గోడకు ఆనిన ఆ చాట నన్నే చూస్తున్నట్టు ఉండేది.

పెద్దబాపు నేర్పే పద్ధతి వేరు. ఏ వస్తువుకూ ముందుగా పేరు చెప్పేవాడు కాదు. దాన్ని సైకిలు నుంచి ఊడదీసి నా చేతిలో పెట్టి, "ఇది లేకుంటే ఏమైతది?" అని అడిగేవాడు. సరైన జవాబు చెబితేనే పేరు చెప్పేవాడు. పని తెలియనివాడికి పేరెందుకు అనేది ఆయన మాట.

వేలి పొడవు రబ్బరు గొట్టం ఒకటి ఇచ్చాడు. అది లేకపోతే కొట్టిన గాలి కొట్టినట్టే బయటికి వస్తుందని కనిపెట్టడానికి నాకు ఒక పూట పట్టింది. అప్పుడు దాని పేరు వాల్‌ట్యూబు. పళ్ల చక్రం ఇచ్చాడు. అది లేకపోతే వాలులో కాళ్లు ఆపినా పెడళ్లు ఆగవు, కాళ్లను తన్నుకుంటూ తిరుగుతాయి. అప్పుడు అది ఫ్రీవీలు. వేలంత ఇనుప మేకు ఇచ్చాడు. అది లేకపోతే పెడలు కర్ర వదులై ఊగుతుంది. అది కాటరు. బెల్లు చేతిలో పెట్టినప్పుడు మాత్రం, "లేకుంటే ఏం కాదు" అన్నాను. "ఏం కాదా? బర్రెకు దరఖాస్తు రాసిస్తవా పక్కకు జరుగుమని?" అన్నాడు. షెడ్డులో పంచరు కోసం నిలబడ్డవాళ్లంతా నవ్వారు.

నేను వస్తువులను పేర్లతో కంటే లెక్కతో ఎక్కువ గుర్తుపెట్టుకున్నాను. ముందు చక్రానికి పుల్లలు ముప్పై రెండు, వెనక చక్రానికి నలభై. వెనక ఎందుకు ఎక్కువ అని నన్నే అడిగాడు. మనిషి బరువు, బస్తా బరువు అటే పడుతుంది కాబట్టి అన్నాను. ఆ రోజు తన చాయ్‌లో సగం సాసర్‌లో పోసి నాకిచ్చాడు.

అన్నిటికన్నా కష్టమైనవి గుండ్లు. ముందు చక్రం నడుమ, ఇరుసుకు అటొక గిన్నె, ఇటొక గిన్నె ఉంటాయి. ఒక్కో దానిలో గ్రీసు పూసి ఉక్కు గుండ్లను వరుసగా పేర్చాలి. వాటి మీదే చక్రం తిరుగుతుంది. పది పేర్చాక ఇంకా కాస్త సందు కనిపించింది. ఖాళీ ఉంచడం నాకు నచ్చలేదు. పదకొండోది కూడా నెట్టాను. పెద్దబాపు చూస్తూనే ఉన్నాడు, వద్దనలేదు. బిగించి తిప్పితే చక్రం కరకరమని పట్టేసింది. "పదే ఎందుకో సమజైందా? జర సందుంటెనే తిరుగుతయ్. పదకొండైతే పట్టుకుంటది. తొమ్మిదైతే తిరుగుతది గని, కొన్ని దినాలకు గిన్నెను తింటది" అన్నాడు.

నెల గడిచింది. ఒక ఆదివారం పొద్దున మా వాకిట్లో సైకిలును బోర్లించాను. బాపు గడప మీద కూర్చున్నాడు. అవ్వ, అక్క బీడీలు ఆపి చూస్తున్నారు. అదే రోజు మా మేనత్త గాంధారి ఊరి నుంచి వచ్చి ఉంది. ఆమె నోరు ఊరుకోదు. "ఆడివిల్ల చేతికి పానా ఇచ్చిండ్రు. రేపు నాగలి గూడ ఇస్తరా?" అంది. "నీ మొగని సైకిలు సుత తెచ్చుకో అక్కా, గదీ బాగుజేస్తది" అన్నాడు పెద్దబాపు.

అవ్వ పాత చీర ముక్క పరిచాను. నట్లు విప్పాను, చక్రం తీశాను, ఇరుసు లాగాను. గుండ్లను సత్తు పళ్లెంలోకి రాల్చి, అందరికీ వినబడేలా ఇరవై వరకు లెక్కపెట్టాను. పెద్దబాపు పక్కనే కూర్చుని, తుడవడానికి గుడ్డలు అందిస్తూ ఉన్నాడు. గుండ్లను కిరోసిన్‌లో కడిగాను, తుడిచాను, గిన్నెల్లో గ్రీసు పూశాను. కుడివైపు పది పేర్చాను. ఎడమవైపు ఎనిమిది, తొమ్మిది. పళ్లెం ఖాళీ.

పళ్లెం ఎత్తి చూశాను. చీర దులిపాను. నా పావడా దులుపుకున్నాను. పెద్దబాపు షెడ్డు నుంచి తెచ్చి ఇంట్లో ఉంచిన అయస్కాంతం ముక్కను తాడు కట్టి వాకిలంతా ఈడ్చాను. రెండు గుండు సూదులు, చెప్పు మేకు ఒకటి, ఇనుప రజను వచ్చాయి. గుండు రాలేదు.

అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. పైన మూత బిగిస్తే లోపల తొమ్మిదో పదో ఎవరికీ కనబడదు. చక్రం తిరుగుతుంది. బాపుకు తిరగడమే కావాలి. చెబితే పోగొట్టిన పిల్లనవుతాను. గోడ దగ్గర చాట ఉంది. చెప్పకపోతే ఎనిమిదో తరగతి ఉంది. నా వయసు పన్నెండు. చేతి మీది గ్రీసు ఎండకు కరిగి మోచేతి దాకా కారింది.

కానీ ఇరవై అని నోటితో నేనే అన్నాను. ఇరవై ఐదుకు ఒకటి తక్కువ కట్టను అవ్వ ముందు ఏనాడూ పెట్టలేదు.

"బాపూ, ఒక గుండు తక్కువున్నది. పందొమ్మిదే ఉన్నయ్" అన్నాను.

"అగో, పోగొట్టనే పోగొట్టింది" అంది మేనత్త. అవ్వ తల దించుకుంది. పెద్దబాపు గుడ్డలు మడత పెడుతూ, కనీసం నా వైపు చూడలేదు. బాపు మాత్రం గడప దిగి వచ్చి చక్రం పక్కన గొంతుకూర్చున్నాడు. ఆయనకు ఆ గిన్నెలు చూడటం అదే మొదటిసారి.

"ఒకటి లేకుంటే ఏమైతది?" అన్నాడు.

నెల రోజులుగా విన్న ప్రశ్న, ఈసారి బాపు నోటి నుంచి. నాకు భయం పోయింది. "తిరుగుతది బాపూ. రేపు ఎల్లారెడ్డి పోయి రావచ్చు. గని గట్లనే నడిపితే చక్రం ఊగుతది, గిన్నె అరుగుతది. ఆడ పెద్దబాపు దగ్గర ఒకటి అడుక్కొని ఏస్త. ఏసేదాంక క్యారియల్ మీద బరువు పెట్టొద్దు, గుంతలల్ల దిగి నడిపియ్యాలె."

 బాపు నా పక్కనుంచి పానా తీసి నా చేతికే ఇచ్చాడు. "బిగియ్యి" అన్నాడు. బిగించాను. తిప్పితే చక్రం సాఫీగా తిరిగింది. "రేపు పొయ్యి పేరు రాయించుకొని వద్దాం. నువ్వే తొక్కు, నేను ఎనుక బస్సుల వస్త, బరువు పెట్టద్దంటివి గద" అన్నాడు. మేనత్త కూడా నవ్వింది. ఆ చాటలో అవ్వ తర్వాత బియ్యం చెరిగింది.

మరునాడు బడిలో పేరు రాయించుకున్నాక నేరుగా షెడ్డుకు పోయి ఒక గుండు అడిగాను. పెద్దబాపు కొత్తది తీసిచ్చాడు, అక్కడే విప్పి వేశాను. అప్పుడు ఆయన తన అంగీ జేబులోంచి చిన్న తగరపు డబ్బీ తీసి మూత తెరిచాడు. అందులో మా సైకిలు గుండు ఉంది. తుడిచే గుడ్డతో పాటు ఆయన చేతిలోకి పోయిందన్నమాట. నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. నాది నాకిమ్మని చెయ్యి చాపాను.

"ఇయ్య" అన్నాడు. "బిగించుడు ఎవనికన్న వస్తది బిడ్డా. తక్కువైంది చెప్పుడు రాదు. గది నీకొస్తదా లేదా అని సూసిన. ఎన్నడన్న నీ లెక్కల తక్కువైంది దాస్తివనుకో, ఆ దినం వచ్చి తీస్కపో. గప్పటిదాంక నా దగ్గర్నే ఉంటది."

పదో తరగతి వరకు ఆ సైకిలు మీదే చదివాను. ఆ పైన లెక్కలు ఎవరూ నేర్పలేదు, నేనే నేర్చుకున్నాను. ఇప్పుడు మా మహిళా సంఘం నడిపే వడ్ల కొనుగోలు కేంద్రంలో బస్తాల లెక్క నాది. ఒక యాసంగి పంట కాలంలో లారీకి ఎక్కిన బస్తాలు నా పుస్తకంలో ఉన్నవాటికంటే మూడు తక్కువ తేలాయి. అప్పటికి ఎవరూ చూడలేదు. నేనే లేచి, అందరి ముందు చెప్పి, లారీని ఆపించి మళ్లీ లెక్కపెట్టించాను. ఆ రోజు నా చేతికి గ్రీసు అంటినట్టే అనిపించింది.

పెద్దబాపు లేడు. ఆయన కొడుకు, నాకు తమ్ముడు వరస, కామారెడ్డిలో సైకిళ్ల దుకాణం పెట్టాడు. ఆ తగరపు డబ్బీ గల్లా పక్కన ఉంటుంది. నేను పోయినప్పుడల్లా మూత తీసి చూపించి, "ఏందక్కా, ఈసారన్న తీస్కపోతవా?" అంటాడు. ఉండనిమ్మంటాను. నా పుస్తకాల్లో ఏడాది చివర అన్నీ సున్నాకు వస్తాయి. ఆ దుకాణం నుంచి నాకు రావలసినది మాత్రం నలభై ఏళ్లుగా అలాగే నిలిచి ఉంది. ఒకటి.