కొబ్బరి వాసన వేసే బూజు

ఇన్నేళ్లుగా నా గుండె మీద బరువుగా ఉన్నది ఒక మనిషి అన్న మాట. తిట్టిన మాట కాదు. నమ్మిన మాట. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను.

ఖరగ్‌పూర్‌లో ఒక ల్యాబ్‌లో నేనూ, ఖరిదా బజారులోని కిరాణా కొట్టువాళ్ల అమ్మాయి సుజాతా పరిశోధన చేసేవాళ్లం. బూజులు సువాసనలను ఎలా తయారుచేస్తాయన్నది మా పని. కుళ్లిన చెక్క మీద సుజాతకు దొరికిన ఆకుపచ్చ బూజు అచ్చం కొబ్బరి వాసన వేసేది. నూనెలోని ఆమ్లాన్ని అది దశలవారీగా విరగ్గొట్టి ఆ పరిమళంగా మారుస్తుంది. ఆ దశలేమిటో ఆమె దాదాపు పట్టుకుంది. నా బూజు ఏ వాసనా ఇవ్వలేదు. ఆమె తన బూజు పెంచే గాజు ట్యూబు మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టినప్పుడల్లా నవ్వేదాన్ని. లోపల ఏదో మాడిపోయేది.

ఆ బూజును మళ్లీ మళ్లీ పెంచితే వాసన తగ్గిపోయేది. అందుకే మొదట పెంచిన ట్యూబులను ఫ్రిజ్‌లో భద్రంగా దాచుకుంది. ఆమె ఊళ్లో లేని ఒక మధ్యాహ్నం వాటిని తీసి, బూజు చచ్చేలా ఆవిరిలో ఉడికించి పారేసే చెత్త సంచిలో వేశాను. ఫ్రిజ్ తలుపు మూసి, నా బల్ల దగ్గరికి వచ్చి పని చేసుకున్నాను.

చెత్త ఉడికించేది అప్పలస్వామి చిన్నాన్న. ఆ ఊళ్లోనే నిమ్‌పురా పేటలో మా పక్కింటాయన. రైల్వే షెడ్డులో మా నాన్నతో పనిచేసి, రిటైరయ్యాక ల్యాబ్‌లో కాంట్రాక్టు పనికి చేరాడు. సుజాత ఏడుస్తుంటే, ఆయనే సంచిలో వేయడం చూశానని చెప్పాను. సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చాడు.

"అమ్మా, ఆ టూబులు నేనే ఏసీసినానేటి?"

"అవును సిన్నాన్నా. నేను సూసినాను."

తన చేతులకేసి చూసుకున్నాడు.

"నాకు గ్యాపకం లేదు తల్లీ. నువ్వు సూసినావంటే ఏసే ఉంటాను."

ఆయన్ని పనిలోంచి తీసేశారు. సుజాత కొన్నాళ్లు మిగిలిన వాసన లేని బూజుతో కుస్తీ పట్టి, చదువు మానేసి కొట్లో కూర్చుంది. నాకు డాక్టరేట్ వచ్చింది.

చిన్నాన్నకు మాత్రం తన మీద తనకే నమ్మకం పోయింది. గ్యాస్ ఆపానా, తలుపు వేశానా అని పిన్నిని పదే పదే అడిగేవాడు. చివరికి ఒంటరిగా బజారుకు వెళ్లడం కూడా మానేశాడు. మతిమరుపు అన్నారందరూ. అది దానంతట అదే వచ్చిందా, నేనే తెచ్చిపెట్టానా? నిజం చెబుదామని వాళ్ల గుమ్మం దాకా వెళ్లి, "బాగున్నావా సిన్నాన్నా" అని పలకరించి తిరిగొచ్చిన రోజులు చాలా ఉన్నాయి. పోయిన వానాకాలం ఆయన చనిపోయాడు.

ఇప్పుడు చెప్పి ఎవరికి లాభం? సుజాతకు ఇంకా చెప్పలేదు. చెబుతానని మాట ఇవ్వలేను. నన్ను క్షమించడం మీ చేతుల్లోనూ లేదు. అయినా ఒక్కసారి, ఒక్క కాగితం మీదైనా, ఉన్నది ఉన్నట్టు రాస్తే కాస్త ఊపిరి ఆడుతోంది: చిన్నాన్న ఏదీ మరచిపోలేదు. ఆ ట్యూబులు వేసింది నేను.