మాట్లాడుకోని రెండిళ్ళు

అమ్మ వసారాలో కొత్త చింతపండు కొట్టి పిక్కలు తీస్తోంది. ఒక్కొక్కటే స్టీలు బేసిన్లో టక్కుమని పడుతున్నాయి. నేను లోపల కూర్చుని, ఎలమంచిలిలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి రేపు ఇవ్వాల్సిన లెక్కల పరీక్ష పేపరుకి, దిద్దేవాళ్ళ కోసం, జవాబులు రాశాను. ఏడోదాంట్లో ఇరువైపులా ఉన్న xని కొట్టేసి, x సున్నా అయితేనో అన్న అనుమానాన్ని కూడా కొట్టేసి, కవరు అంటించేశాను. అప్పుడే ఆ చప్పుడు చెవిన పడింది. చింతపిక్కకి మనస్సాక్షి ఉంటుందని నేను నమ్మను. కానీ అది వింటే నాకు సుగుణ మేడం గుర్తొస్తారు. ఆవిడ గుర్తొచ్చాక అంటించిన కవరు వంక చూడటం కష్టం.

నేను అనకాపల్లిలో ఎమ్మెస్సీ చదివిన రోజుల్లో ఆవిడ మాకు గ్రాఫ్ థియరీ చెప్పేవారు. కొన్ని చుక్కలు, వాటిని కలిపే గీతలు, గ్రాఫ్ అంటే అంతే. ఆవిడ చుక్కలకు బదులు పాత బిస్కెట్ డబ్బాలో చింతపిక్కలు తెచ్చి బల్ల మీద పరిచి, మధ్యలో సుద్దతో గీతలు గీసేవారు. "పిక్కల మేడం" అని పేరు పెట్టింది నేనే. ఆ రెండేళ్ళలో నేను చేసిన ఏకైక పరిశోధన అది.

లెక్సికోగ్రాఫిక్ ప్రొడక్ట్ అని బోర్డు మీద రాసిన రోజు, ఆ పేరు చూసే సగం క్లాసు నీరసపడింది.

"ఏటర్రా ఆ మొహాలు? నిఘంటువులో మాటలెలా పేరుస్తారు? ముందు మొదటి అక్షరం. అది ఒకటే అయితేనే రెండోది. ఇదీ అంతే. మా పేట సంగతే తీసుకోండి. ముందు వీధి చూడాలి. రెండు వీధులకీ మాటలుంటే ఇక్కడి ప్రతి ఇల్లూ అక్కడి ప్రతి ఇంటితో మాట్లాడేస్తుంది. ఇళ్ళు రెండూ ఒకే వీధిలో ఉంటేనే ఎవరికెవరితో పడుతుందో చూడాలి."

స్నేహంగా ఉన్న రెండు వీధులు పెట్టారు. ఒక్కోదాంట్లో మూడేసి ఇళ్ళు, పక్కింటి ముఖం పక్కిల్లు చూడదు. తొమ్మిది గీతలొచ్చాయి. తర్వాత లోపలిది బయటా, బయటిది లోపలా పెట్టారు. ఒకదానితో ఒకటి పడని మూడు వీధులు, ఒక్కోదాంట్లో కలిసిమెలిసి ఉండే రెండేసి ఇళ్ళు. అవే ఆరు పిక్కలు, గీతలు మూడే. ఊరే మారిపోయింది.

ఎలాంటి గ్రాఫులైతే ఇలా తిరగేసినా ఊరు మారదో తేల్చడమే ఆవిడ పీహెచ్‌డీ. ఇల్లు, కాలేజీ, ఆదివారం చర్చి పోగా మిగిలిన ముక్కల్లో పదకొండేళ్ళు రాశారు. వీధుల గ్రాఫూ ఇళ్ళ గ్రాఫూ రెండూ ఏదో ఒకే నమూనాని దానిలో దాన్నే మళ్ళీ మళ్ళీ ఇమిడ్చితే వచ్చినవైతేనే ఊరు మారదని ఆవిడ సిద్ధాంతం. థీసిస్ విశాఖలో బైండింగుకి వెళ్ళింది. సోమవారం యూనివర్సిటీకి ఇచ్చెయ్యాలి. నెలాఖరుకి గైడుగారు రిటైరు. ఆ శుక్రవారం, కొత్త చీర కట్టుకుని మరీ, ఆ రుజువు మాకు బోర్డు మీద చూపించారు.

ఆరో వరుసలో "మాట్లాడుకోని రెండిళ్ళు తీసుకుందాం" అన్నారు. నేను లేచాను.

"అలాంటి ఇళ్ళు లేకపోతే, మేడం? అందరూ అందరితో మాట్లాడేస్తుంటే?"

"అలాటి ఊరెక్కడుందిరా? చూసొచ్చేవేటి?"

క్లాసు గొల్లుమంది. "బావా, నువ్వెళ్తే అదీ సెడిపోద్ది" అన్నాడు వెనక బెంచీలోంచి అప్పలనాయుడు.

మేడం మాత్రం నవ్వు మధ్యలో ఆపేశారు. డబ్బా తీశారు. రెండు వీధులు, మూడేసి ఇళ్ళు, అందరికీ అందరితో స్నేహం. పదిహేను గీతలు. తిరగేశారు. మూడు వీధులు, రెండేసి ఇళ్ళు. పదిహేనే. అదే ఊరు. కానీ ఆ రెండు వీధుల గ్రాఫూ, మూడిళ్ళ గ్రాఫూ ఒకే నమూనాలోంచి పుట్టినవి కావు. సిద్ధాంతం తప్పిపోయింది. పదకొండేళ్ళుగా వీధి తగాదాలతోనే పాఠం చెప్పి చెప్పి, తగాదా లేని ఊరొకటి ఉండొచ్చని ఆవిడ మరిచిపోయారు.

నా జోకులు సాధారణంగా ఎవరికీ హాని చెయ్యవు. నవ్వు కూడా తెప్పించవు. ఇదేమిటిలా అయిందని స్టాఫ్ రూముకి వెనకాలే వెళ్ళాను.

"చిన్న కేసే కదా మేడం. అంత లావు పుస్తకంలో ఎవరు చూస్తారు?"

ఆవిడ కొంగుకంటిన సుద్ద దులుపుకున్నారు. "నువ్వు చూసేవు కదా" అన్నారు.

ఫోను తీసి బైండరుతో, "బాబూ, ఆపేయండి. నాలుగో అధ్యాయం తప్పు" అన్నారు, రేషన్ కార్డులో పేరు తప్పు పడిందన్నంత మామూలుగా. ఆవిడ ఏడిస్తే వెయ్యడానికి ఒక జోకు దాచుకున్నాను. అది అలాగే మిగిలిపోయింది.

సోమవారం విశాఖ వెళ్ళాల్సిన మనిషి మా క్లాసుకి వచ్చారు. "వీడు ఒకటే పట్టేడు. రెండోది నేను పట్టేను. ఎవరూ ఎవరితోనూ మాట్లాడని ఊరు. అదీ తిరగేస్తే మారదు. ఈ రెండూ పక్కనపెట్టి మిగతాదానికి రుజువు కట్టాలి."

కట్టారు. కొత్త గైడు దొరికి, పాత అధ్యాయాలన్నీ మళ్ళీ చదివించుకుని, డాక్టరేట్ వచ్చేసరికి రెండేళ్ళు పట్టింది. స్వీటు తినడానికి రమ్మని కబురు పెట్టారు.

"నా వల్ల రెండేళ్ళు పోయాయి మేడం" అన్నాను, నా జీవితంలో మొదటిసారి జోకు కలపకుండా.

"పోయేయి" అన్నారు. "తిను."

కాదని ఒక్క మాట అంటే తేలికపడి ఇంటికొచ్చేసేవాణ్ణి, ఈపాటికి మరిచిపోయేవాణ్ణి కూడా. ఆవిడ అబద్ధం ఆడలేదు, నిందా వెయ్యలేదు. ప్లేటు ముందుకి జరిపారు. అందుకే ఆ బరువు ఇంకా నా దగ్గరే ఉంది.

కవరు చింపాను.

"ఏటిరా, ఇప్పుడే కదా అంటించేవు?" అంది అమ్మ వసారాలోంచి.

"ఒక తప్పుందమ్మా."

"ఎవరు చూసేరు?"

"నేను చూసేను."

"అయితే దిద్దుకుని, ఇలా వచ్చి పిక్కలు తియ్యి."

ఏడో జవాబులో x సున్నా పెట్టి చూశాను. సరిపోయింది, అదీ ఒక జవాబే. దాన్ని కూడా రాసి, వసారాలోకి వెళ్ళాను.