నీలంలో అక్క చెయ్యి

టెక్కలిలో డ్రాయింగు టీచరుగా చేస్తున్న రోజుల్లోనే నాకు సయనోటైపు బొమ్మల పిచ్చి పట్టింది. మందు పూసిన కాగితాన్ని చీకట్లో ఆరబెట్టి, మీద ఆకో పువ్వో ఉంచి ఎండలో పెడతాం. తర్వాత నీళ్ళలో కడిగితే ఎండ తగిలిన మేర ముదురు నీలం తేలుతుంది. ఆకు కప్పిన చోటు తెల్లగా మిగిలిపోతుంది.

ఆదివారాలు వజ్రపుకొత్తూరు దగ్గర అక్కవాళ్ళ ఊరు వెళ్ళేదాన్ని. కిడ్నీలు పాడై ఆమె పలాసలో డయాలసిస్ చేయించుకుంటోంది. సూదుల కోసం ఎడమచేతికి ఆపరేషన్ చేశారు. మోచేతి దగ్గర నరం తాడులా ఉబ్బి ఉండేది. నలుగురిలోకి వెళ్తే కొంగు కప్పుకునేది.

ఒకరోజు నేను కాగితం మీద జీడిమామిడి ఆకులు సర్దుతుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"ఎంతసేపూ ఆకులేటి? నా సెయ్యి బొమ్మ తియ్యి సెల్లీ," అంది.

కుడిచెయ్యి పెట్టమన్నాను. ఎడమదే, నరం ఉబ్బు అంచున పడేలా పక్కకు తిప్పి పెట్టింది. కదిలితే అంచులు చెదిరిపోతాయని చెప్పాను.

"కదలకుండా పడుండడం నాకు కొత్తేటి?"

ఎండ చురుక్కుమంటోంది. కాగితం మీద నీడ పడకుండా ఆమె తలకు మాత్రం గొడుగు పట్టాను. చెయ్యి కదపలేదు. తర్వాత నేను బేసినులో కాగితం కడుగుతుంటే ఆ నీళ్ళనే చూస్తూ ఉండిపోయింది. డాక్టరు రోజుకు తాగమన్న కాసిన్ని నీళ్ళూ ఆమెకు పొద్దున్నే అయిపోయాయి. నేను బేసిను పక్కకు జరపబోయాను. వద్దని, కుడిచెయ్యి అందులో ముంచి అలాగే కూర్చుంది.

వానలు తగ్గకముందే అక్క పోయింది. దినకార్యాలయ్యాక బొమ్మకు ఫ్రేము కట్టించి బావకిచ్చాను. చాలాసేపు చూశాడు. అంచున ఉబ్బిన నరం మీద బొటనవేలు ఉంచి కప్పాడు.

"ఇది నేకుండా ఇంకోటి సెయ్యలేవా?"

చెయ్యలేనన్నాను. అడగకూడనిది అడిగినట్టు తల దించుకుని, బొమ్మను లోపలికి తీసుకెళ్ళాడు. ముందుగదిలో అక్క పెళ్ళినాటి ఫోటోకి దండ వేసి ఉంది. దీన్ని ఎక్కడ పెట్టాడో నేను అడగలేదు.

కొన్నాళ్ళకు నేను ఆ ఊరు వెళ్తే, అక్కతో ఒకే ఆటోలో డయాలసిస్‌కు వెళ్ళే ఇద్దరు ఆడవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. అక్క చెప్పిందట, తమ చేతుల బొమ్మలూ తీయమన్నారు. తీశాను. రెండో ఆమె చెయ్యి వణికి అంచులు మసకగా వచ్చాయి. మళ్ళీ తీస్తానంటే ఒప్పుకోలేదు. తన చెయ్యి ఇప్పుడిలాగే ఉంటుందంది. ఆటో వచ్చే వేళయిందని, తడి ఆరకముందే కాగితం పట్టుకుని వెళ్ళిపోయింది.