గెడ్డ మీద గీసిన తొమ్మిది ప్లాట్లు

నిన్న నర్సీపట్నంలో కొత్త లేఅవుట్ గురించి పెట్టిన సభలో మైకు ఒక్కసారిగా కీచుమంది. చెవులు మూసుకుంటూనే ఎస్తేరు మేడమ్‌ని తలుచుకున్నాను. ఆవిడ ఏ సభలోనూ మైకు పెట్టనిచ్చేవారు కాదు. "మైకుంటే దాన్ని పట్టుకున్నవాడే మాట్లాడతాడు. మిగతావాళ్లు ఇంటికెళ్లి మాట్లాడుకుంటారు" అనేవారు. తొంభైల చివర్లో ఆవిడ మా హౌసింగ్ ఆఫీసులో ఇంజనీరు, నేను ఆవిడ కింద కొత్తగా చేరిన వర్క్ ఇన్‌స్పెక్టర్ని. ఆవిడ పాయకరావుపేటలో మిషన్ బడి మాస్టారి కూతురు. గొంతు పెంచడం ఎరగరు. అది చూసి మెతక మనిషి అనుకున్నాను. నా అంచనాలు అప్పట్లో అలాగే ఏడ్చేవి.

ఊరి చివర పల్లంలో, ఇళ్లు లేనివాళ్లకు కాలనీ కట్టాలన్నారు. లేఅవుట్ గీసే పని నాది. మండుటెండలో వారం రోజులు టేపు లాగి, గజం భూమి వృథా కాకుండా ప్లాట్లు వేసి, నా తెలివికి నేనే మురిసిపోయాను. మర్నాడు వెళ్లేసరికి నేను పాతిన కర్రలన్నీ పీకేసి ఉన్నాయి. ఆ పల్లాన్ని ఆనుకుని ఉన్న పక్కవీధివాళ్ల పనే. పోలీసులకు చెబుదామన్నాను. మేడమ్ ఆ కర్రల వైపు చూసి, "ఒక్కటీ విరగ్గొట్టలేదు, చూశావా? వరసగా పేర్చి పెట్టారు. అంటే మనతో మాట్లాడాలని ఉంది వాళ్లకి" అన్నారు.

మాట్లాడడానికి ఆ వీధివాళ్లూ, ప్లాట్లు రావాల్సినవాళ్లూ అందరూ ఆ నేల మీదే కూర్చున్నారు. మేడమ్ కూడా. ఆ వీధిలో జీడిగింజలు ఒలిచే రత్తమ్మ ముందుగా నోరు విప్పింది. "ఇది గెడ్డ బాబూ. వానకాలం కొండనీళ్లన్నీ ఇలాగే ఎల్తాయి. దీన్ని కప్పెట్టి ఇళ్లు కడితే ఆ నీళ్లు మాయింట్లోకే వొత్తాయి. పిల్లల్ని మంచాలెక్కించి మేం ఎక్కడ నిలబడాల?"

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. "గెడ్డ లేదమ్మా, బండిదారి అది. నేను స్వయంగా కొలిచాను" అన్నాను.

"ఎండలో కొలిసేరు బాబూ, వానలో కొలవలేదు" అంది రత్తమ్మ. అందరూ గొల్లుమన్నారు. నా ముఖం మాడిపోయింది.

మేడమ్ నవ్వలేదు. ముగ్గు పోయడానికి నేను తెచ్చిన సున్నం తట్ట రత్తమ్మ చేతికిచ్చి, "నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో మీరే గీయండమ్మా" అన్నారు. రత్తమ్మ సున్నం పోసుకుంటూ నడిచింది. "ఇంకా ఇవతలికే, మొన్నటేడు ఈ రాయి మునిగింది" అంటూ వీధంతా వెనక నడిచి సరిదిద్దింది. ఆ తెల్లటి గీత నా ప్లాట్లలో తొమ్మిదింటి మీదుగా పోయింది.

అప్పుడు షేర్ ఆటో నడిపే అప్పలనాయుడు లేచాడు. ఆ తొమ్మిదింట్లో ఒకటి అతనిది. "అయితే మేం తొమ్మండుగురం ఏటైపోవాలండి? నాలుగేళ్లబట్టి సూత్తన్నాం" అన్నాడు. గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువగా వినిపించింది.

"ప్లాను మీద సంతకం నాది. వానాకాలం సంగతి ఎవర్నీ అడక్కుండా పెట్టాను. తప్పు నాదే" అన్నారు మేడమ్. "రేప్పొద్దున్న రండి. చోటు మనందరం కలిసి వెతుకుదాం."

ఆ రాత్రి సిగ్గుతో నాకు అన్నం సహించలేదు. పొద్దున్నే టేపు ఒక కొస రత్తమ్మకు, రెండో కొస అప్పలనాయుడికి ఇచ్చారు మేడమ్. కాలనీ హాలుకని నేను వదిలిన జాగాలో ఏడు ప్లాట్లు పట్టాయి. రెండు మిగిలిపోయాయి. ఎటు కొలిచినా అంతే. చివరికి రత్తమ్మ టేపు కింద పెట్టి తమ వీధి చివరకు నడిచింది. అక్కడ వాళ్లు పిడకలు ఆరబెట్టుకునే సర్కారు మెరక ఒకటుంది.

"ఇక్కడెయ్యండి ఆ రెండూ. మేం నీళ్లొద్దన్నాం గానండి, మనుసుల్నొద్దన్లేదు" అంది.

అప్పలనాయుడు ఆవిడకు చేతులెత్తి దండం పెట్టాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

తిరిగొస్తూ, "తప్పు చేసింది నేను కదండీ, మీరెందుకు నెత్తినేసుకున్నారు?" అని అడిగాను.

"నువ్వు గీశావు, నేను చూడకుండా సంతకం పెట్టాను. రెంటిలో నాదే పెద్దది" అన్నారు. వెనక్కి తిరిగి ఆ పల్లం వైపు చూస్తూ, "మనం చేసింది సరైందో కాదో ఇంకా తెలీదు. వాన పడనీ, వచ్చి చూద్దాం" అన్నారు.

ఇళ్లు లేచిన ఏడాది జోరువానలో నిజంగానే నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. కొండ మీది ఎర్రనీళ్లు సున్నం గీత పోసిన చోట మేం వేయించిన గట్ల మధ్య నుంచే ఉరుకుతున్నాయి. "బేగి లోపలికి రండి, తడిసిపోతన్నారు! మా గడప పొడిగానే ఉంది!" అని రత్తమ్మ కేకేసింది. మెరక మీది ఇంట్లోంచి అప్పలనాయుడి భార్య మా కోసం టీ పట్టుకొచ్చింది.

మేడమ్ పోయి చాలా ఏళ్లయింది. ఆఫీసులో నా బల్ల మారింది, హోదా మారింది. కానీ గట్టి వాన పట్టిందంటే ఇప్పటికీ నేను ఇంట్లో ఉండలేను. ఈ వయసులో జలుబు చేస్తుందని మా ఆవిడ సణుగుతూనే ఉంటుంది. నేను గీసిన వీధుల్లో ఏదో ఒకదానికి వెళ్లి, నీళ్లు ఎటు పోతున్నాయో చూసి, "మీ ఇంట్లోకి రావడం లేదు కదా?" అని గుమ్మం గుమ్మం అడిగి గానీ తిరిగి రాను.