పరదా వెనక ఢోలక్

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు గదా, ఆ మాట పుట్టించినవాడు ఏ చెవిటివాడి చేతికీ శంఖం ఇచ్చి చూసుండడు. చిన్నప్పుడే జ్వరమొచ్చి నా రెండు చెవులూ పోయాయి, మాట మాత్రం మిగిలింది. నాందేడ్‌లో మాది కిరాణా దుకాణం. సాయంత్రం దుకాణం కట్టేశాక మా అన్న చెక్క తఖ్తు మీద కూచుని హార్మోనియం వాయిస్తూ భజనలు పాడేవాడు. నేను మోకాలు హార్మోనియం పెట్టెకు, అరికాలు తఖ్తుకు ఆనించి ఢోలక్ వాయించేదాన్ని. పాట ఎముకల్లోకి వచ్చేది. ఆ పద్ధతి నేర్పింది అన్నే. ఆయన్ని నమ్మినంతగా దేవుణ్ణి కూడా నమ్మలేదు నేను.

డెబ్బైల్లో ఒక గణేశ్ పండక్కి బజారు మండపంలో మా ఇద్దరి భజన పెట్టారు. పదిమంది ముందు వాయించడం నాకదే మొదలు. దానికోసం నెలముందు నుంచే వాయించి వాయించి వేళ్లు కాయలు కాశాయి. చెక్కల స్టేజీ, వెనక పరదా, నా ముందు ఒక మైకు. ఒకాయన నావైపు చెయ్యి చూపి మరాఠీలో "బహిరీ ముల్గీ" అన్నాడు. చెవిటి పిల్ల అని. పెదాలు చూసి తెలుసుకున్నాను. అననీ, కాసేపాగితే ఆ నోరే మూతపడుతుంది అనుకున్నాను.

రెండో భజనలో అరికాలి కింద ఏదో తేడా తగిలింది. నా దెబ్బ వెంటే ఇంకో దెబ్బ. చెక్కలు వదులయ్యాయేమో అనుకున్నాను. అనుమానం తీరక ఢోలక్ మీంచి చేతులు తీసేశాను. చెక్కల్లో తాళం ఆగలేదు. జనం తలలూపుతూనే ఉన్నారు. అన్న నావైపు చూసి, ఊరికే చేతులాడించమని సైగ చేశాడు.

లేచి పరదా తొలగించాను. అన్న బిలోలి ఊరి నుంచి పిలిపించిన ఒకాయన వెనక కూచుని ఢోలక్ వాయిస్తున్నాడు. అసలు మైకు ఆయన ముందుంది. నా మైకు తీగ దేనికీ తగిలించలేదు. నమ్మించి గొంతు కోయడమంటే ఏందో ఆ పూట తెలిసింది. ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చాక అడిగాను, "అన్నా, నేను ఎన్నడన్న తాళం తప్పిన్నా?"

"ఎన్నడు తప్పలే చెల్లె," అన్నాడు, నాకు అర్థమయ్యేటట్టు మెల్లగా. "గని ఇయ్యాల తప్పితే మందిల నవ్వులపాలైతమని భయమైంది."

తప్పేదాన్నని చెప్పుంటే ఏడ్చి, దిద్దుకుని ఉందును. ఎన్నడూ తప్పనని తెలిసి కూడా నా వెనక ఇంకో మనిషిని కూచోబెట్టాడు మా అన్న.