బరువు గాలిలో ఉండగా

క్రేను నడిపే ఆ మనిషిని పనిచోట అందరూ "సరే బాబాయ్" అంటారు. కొక్కేనికి బరువు వేలాడుతున్నంతసేపూ ఎవరేం చెప్పినా అతను "సరే" అనే అంటాడు. గాలి ఎటు కొడుతోంది, తాడెంత ఊగుతోంది, కింద ఎవడి తలకాయ ఉంది, బుర్రంతా వీటితోనే నిండిపోయి కోపానికీ ఏడుపుకీ చోటుండదు. తండ్రి పోయిన కబురు కూడా అలాగే విని, ఇనుప దూలాన్ని బెత్తెడు తేడా రాకుండా దించి, అప్పుడు బావురుమన్నాడు. "గుండెను నిచ్చెన కిందే తగిలించి ఎక్కుతావయ్యా నువ్వు" అని భార్య ఎగతాళి చేస్తుంది.

ఈ కిటుకు సూపర్‌వైజర్ కనిపెట్టాడు. ఆదివారం పనైనా, అదనపు గంటలైనా, దూలం గాల్లో ఉన్నప్పుడే వాకీటాకీలో అడుగుతాడు. ఇవాళా అంతే.

"రేపు నీ సెలవు రద్దు బాబాయ్. పనికి రావాలి."

"సరే."

దూలం కూర్చుంది. మీట వదిలాక గానీ తను దేనికి సరే అన్నాడో అతనికి తెలియలేదు. రేపు కూతురికి చెవి ఆపరేషను. మత్తిచ్చేదాకా చెయ్యి వదలనని పిల్లకి మాటిచ్చాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. నిచ్చెన దడదడా దిగి సూపర్‌వైజర్ ముందు నిలబడ్డాడు.

"ఒప్పుకున్నావుగా బాబాయ్, అందరూ విన్నారు" అని నవ్వాడు వాడు.

అతను గ్లౌజులు ఊడబెరికి, రెండు అరచేతులూ వాడి మొహం ముందు చాపాడు. ఇన్నేళ్ల "సార్" నోటికి రాలేదు.

"ఇప్పుడడుగు. చేతులు ఖాళీగా ఉన్నాయి."

వాడు పైన ఊగుతున్న ఉత్త కొక్కెం వైపు చూశాడు. అడగలేదు.