కార్డు కోసం పెళ్ళాడిందట!

అమెరికాలో మెయిన్ రాష్ట్రం చివర, కాలస్ ఊళ్ళో, గ్లెండా కేట్స్ నోటికి జడవని వాళ్ళు లేరు. ఆమెకో చిన్న పార్లర్ ఉంది. కుర్చీ ఒక్కటే, కబుర్లు మాత్రం ఊరంతటికీ సరిపడా. జుట్టు కత్తిరించుకోవడానికి ఒకరొస్తే వినడానికి నలుగురొచ్చేవారు. విడాకులై చాలా ఏళ్ళయింది. ఇంక మగవాళ్ళ ఊసెత్తనని ఒట్టు పెట్టుకున్న మనిషి, అరవై రెండో ఏట వంతెన అవతలి హేజెన్ గిల్మోర్ మీద మనసు పారేసుకుంది.

వంతెన అవతలంటే కెనడా, సెయింట్ స్టీఫెన్. హేజెన్ అక్కడి చాక్లెట్ ఫ్యాక్టరీలో రిటైరైనవాడు, భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు. ఆయన్ని చూడ్డానికి పోతుంటే వంతెన మీద కస్టమ్స్ కుర్రాడు “ఏం పని మీద వెళ్తున్నారు?” అనడిగాడు. “ప్రేమ పని” అంది గ్లెండా. వాడికి ఆ కథంతా చెప్పేసరికి వెనక కార్లవాళ్ళు హారన్లు మోగించి మోగించి విసిగిపోయారు.

ఇంతా చేసి కలుసుకున్నాక వాళ్ళు చేసేది పోట్లాట. అదీ ఒకే విషయం మీద: ఎవరి దేశంలో వైద్యం మేలు?

“మాకు ఒకటే కార్డు. సర్కారు కడుతుంది” అనేవాడు హేజెన్. “జబ్బు చేస్తే మేం డాక్టర్ దగ్గరికి పోతాం. మీరు ముందు ఫోను దగ్గరికి పోతారు, ఏ ఇన్సూరెన్స్ కంపెనీ కడుతుందో కనుక్కోడానికి.”

“మాకు కంపెనీలు బోలెడు, నచ్చింది ఎంచుకుంటాం! మీకేముంది? అందరూ ఒకే లైనులో పడి ఉండడమేగా. నీ మోకాలి ఆపరేషన్ సంగతేమిటి? ఎప్పుడనగా నిలబడ్డావు లైన్లో!”

“నిలబడగలిగితే ఆపరేషన్ ఎందుకే పిచ్చిదానా!”

ఇద్దరూ పడీ పడీ నవ్వుకునేవాళ్ళు. నిజానికి గ్లెండా ఎంచుకోవడం పెనం మీంచి పొయ్యిలో పడ్డం లాంటిదే. ఏటా చలికాలం ముందు ఒక పాలసీ వదిలి ఇంకోటి పట్టుకునేది. పాత డాక్టరు కొత్త కంపెనీ జాబితాలో ఉండేవాడు కాదు. ఆ మాట మాత్రం చచ్చినా హేజెన్ ముందు ఒప్పుకునేది కాదు.

ఒక శనివారం సెయింట్ స్టీఫెన్ చర్చిలో బీన్స్ భోజనాలు. హేజెన్ తింటూ తింటూనే, అందరి ముందూ, “నన్ను చేసుకుంటావా?” అనేశాడు. గ్లెండా నోరు తెరిచేలోపు ఆయన అక్క బ్యూలా అందుకుంది.

“ఎందుకు చేసుకోదురా? మొగుడూ దొరికె, మన కార్డూ దొరికె. వంతెన దాటొచ్చే ఆడవాళ్ళకి అంతకన్నా ఏం కావాలి?”

గ్లెండాకి అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నిలబడింది.

“బ్యూలా గారూ, వినండి! అరవై ఐదు నిండితే మా సర్కారూ ఇస్తుంది కార్డు. అది నా చేతికొచ్చిన రోజే మీ తమ్ముణ్ణి చేసుకుంటాను. అప్పటిదాకా ఆయన్ని మీరే భద్రంగా దాచుకోండి!”

చప్పట్లు మారుమోగాయి. హేజెన్ నోట్లో బీన్స్ నోట్లోనే ఉండిపోయాయి. “మూడేళ్ళా?” అన్నాడు ఎలాగో మింగి.

“మోకాలి కోసం ఆగినవాడివి, నా కోసం ఆగలేవా?”

హాలు గొల్లుమంది. గ్లెండా మహారాణిలా వంతెన దాటి ఇంటికొచ్చింది. రాగానే గుండెల్లో రాయి పడింది. మూడేళ్ళలో ఆయన మనసు మారితే? మనసు మారకపోయినా మనిషే దక్కకపోతే? ఈ వయసులో ఇలాంటి శపథాలు ఎవరైనా చేస్తారా? కానీ నలుగురిలో అన్న మాట. వెనక్కి తీసుకుంటే బ్యూలా గెలిచినట్టే.

రెండో ఏడు మంచు మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు ఆ పూటే వేశారు, ఇన్సూరెన్స్ ఉత్తరాలు మాత్రం నెలల తరబడి వచ్చాయి. ఎముకల డాక్టరు కంపెనీ జాబితాలో ఉన్నాడట, మత్తిచ్చినాయన లేడట. “చెయ్యి మా బాధ్యతే, నొప్పి నీదే అంటున్నార్రా!” అని పార్లర్లో నవ్వించింది గానీ, లోపల ఏడుపే.

హేజెన్ కుంటుకుంటూ పార్లర్‌కి వచ్చాడు. “ఇప్పుడే చేసుకుందాం గ్లెండా. ఆ కార్డేదో మాదే వస్తుంది. నీ శపథం నేను మింగేస్తాలే.”

“ఇప్పుడు చేసుకుంటే మీ అక్కన్నది నిజమైపోదూ?”

ఆయన కోటు విప్పి, చొక్కా చేతులు మడిచి, తలంటుకొచ్చి కుర్చీలో కూర్చున్నావిడ తలకి షాంపూ పట్టించడం మొదలుపెట్టాడు. చాక్లెట్ కలిపిన చేతులు కదా, హాయికి ఆవిడ అక్కడే గుర్రు పెట్టింది. కట్టు విప్పేదాకా రోజూ వచ్చాడు. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళకి ఆ నెలలో అవసరం లేకపోయినా తలంట్లు గుర్తొచ్చాయి.

ఎట్టకేలకు ఆయన మోకాలి వంతూ వచ్చింది. ఆస్పత్రిలో పక్కన కూర్చున్న గ్లెండాని ఒక్కరు కూడా “ఏ కంపెనీ?” అనడగలేదు. అడగలేదని ఆమెకి ఏడుపొచ్చింది. హేజెన్ కళ్ళు తెరిచేలోపు తుడుచుకుని, “లైను కదిలిందా, ముసలోడా!” అంది.

అరవై ఐదు నిండాయి. కార్డొచ్చింది. పుట్టినరోజు పొద్దున్నే ఎర్ర గౌను వేసుకుని, కార్డు కళ్ళకద్దుకుని, గ్లెండా వంతెన దాటింది. హేజెన్ వంటింట్లో బ్యూలా కేకు మీద క్రీముతో పేరు రాస్తోంది.

“ఇదిగో బ్యూలా గారూ! బాగా చూసుకోండి. నా దేశం కార్డు!”

బ్యూలా కళ్ళజోడు పెట్టుకుని కార్డు అటూ ఇటూ తిప్పింది. “బాగుందమ్మా. ఇంకేం, వాణ్ణి ఎప్పుడు తీసుకుపోతావు మీ ఊరు?” అంది.

“తీసుకుపోవడమేమిటి? పార్లర్ మీది అగ్గిపెట్టంత గదిలో ఇద్దరం పడతామా? కాపురం ఇక్కడే!”

“ఇక్కడేనా!” బ్యూలా కుర్చీలో కూలబడింది. “ఉన్న ఒక్క తమ్ముణ్ణీ ఎగరేసుకుపోతావని మూడేళ్ళుగా కుమిలిపోతున్నానే తల్లీ!” అని ముక్కు చీది, మళ్ళీ కార్డు చూసింది. “మరి ఇది ఇక్కడ చెల్లదుగా? మీ సర్కారు వంతెన దాటితే పైసా కట్టదు. ఇక్కడుండాలంటే నీకు మా కార్డే గతి.”

ఎవరి వైద్యం మేలని మూడేళ్ళు కొట్టుకున్నారు గానీ, ఎవరింట్లో ఉందామని ఒక్కనాడూ అనుకోలేదు. గ్లెండా హేజెన్ వంక చూసింది. ఆయన కేకు వంక చూస్తున్నాడు.

“నీకు తెలుసా?”

“తెలుసు.”

“ఎప్పట్నించి?”

“నువ్వు హాల్లో లేచి నిలబడ్డప్పట్నించీ.”

“చెప్పి చావచ్చుగా!”

“అందరూ చప్పట్లు కొడుతున్నారు. నీ మొహం వెలిగిపోతోంది. దాన్ని ఆర్పడానికి నాకు నోరు రాలేదు” అన్నాడు హేజెన్. “మూడేళ్ళేగా, ఆగుదామనుకున్నా.”

గ్లెండా జీవితంలో ఎవరూ ఆమె కోసం మూడు గంటలు కూడా ఊరికే ఆగలేదు. కళ్ళు నిండిపోయాయి. అంతలోనే ఎక్కడినించి వచ్చిందో నవ్వు తన్నుకొచ్చింది. గోడకి చేరగిలబడి, పొట్ట పట్టుకుని, ఊపిరాడక నవ్వింది.

“అవును వదినా!” అంది చివరికి. “కార్డు కోసమే చేసుకుంటున్నా! పో, రెండూళ్ళూ చాటింపు వేసుకో! మీ తమ్ముడు కొసరుగా వచ్చాడు!”

ఆ పిలుపు వింటూనే బ్యూలా క్రీము గొట్టం తీసుకుని, కేకు మీద గ్లెండా అన్న పేరు పూర్తి చేసింది. పక్కన చోటు చాలకపోయినా, ఇరికించి ఇరికించి, గిల్మోర్ అని కూడా రాసేసింది.